చదరంగపు గడులలో ప్రధాన సంఖ్యలు

ఈ పాఠ్యభాగం చదవడానికి మీకు కూడిక, గుణకారం, భాగహారం వస్తే చాలు. దగ్గర ఒక కాగితం, పెన్సిలు పెట్టుకోండి. చరిత్ర పాఠంలో లెక్కలెందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. ఒక పాత తెలుగు పద్యంలో ఇరవై అంకెల సంఖ్య ఉన్నప్పుడు, అది మన దాకా చెడకుండా వచ్చిందో లేదో తేల్చవలసినవాడు చరిత్రకారుడే. ఆ పనికి ప్రధాన సంఖ్యలు ఎలా ఉపయోగపడతాయో, ఆ సంఖ్యల కథ ఆ పద్యం నుంచి ఎంత దూరం పోయిందో ఈ భాగంలో చూద్దాం.

మా ఊరు మానవపాడు. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న మా నేలను నడిగడ్డ అంటారు. నా చిన్నతనంలో కల్లంలో జొన్నలు కొలిచేవారు మొదటి మానికను 'ఒకటి' అనేవారు కారు, 'లాభం' అనేవారు. తర్వాత రెండు, మూడు అంటూ పోయి, ఆరు దాటాక 'ఆరున్నొక్కటి' అనేవారు. ఏడు అంటే ఏడుపు గుర్తుకొస్తుందని ఆ మాట నోట రానిచ్చేవారు కారు. ఆ కొలతల్లో నాకు అప్పుడు తెలియని విశేషం ఒకటుంది. రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, రెండు కుంచాలు ఇరస, రెండు ఇరసలు తూము. ప్రాంతాన్ని బట్టి పాత్రల పేర్లు, పరిమాణాలు మారినా ఈ రెట్టింపు వరుస తెలుగువారికి పరిచయమైనదే. ఎనిమిది రెట్టింపులు కాబట్టి తూముకు 256 గిద్దలు. (తూము తర్వాత వరుస తెగిపోతుంది. ఇరవై తూములు పుట్టి. ఎందుకిలా అని మా నాన్నను అడిగితే, కొలిచేవాణ్ణి అడగమన్నారు.)

ఇప్పుడు గిద్ద నుంచి ఇరస దాకా ఉన్న ఎనిమిది పాత్రలనూ ఒక్కొక్కసారి నింపి ఒకచోట పోశారనుకోండి. మొత్తం ఎన్ని గిద్దలు? 1, 2, 4, 8 అంటూ 128 దాకా కూడనక్కర లేదు. ఆ కుప్పకు ఇంకొక గిద్ద చేర్చండి. రెండు గిద్దలై అరసోల అవుతుంది. అక్కడ ఇదివరకే ఒక అరసోల ఉంది కనుక రెండూ కలిసి సోల. అలా మెట్టు మెట్టుగా ఎక్కి చివరకు సరిగ్గా తూము అవుతుంది. అంటే చేర్చకముందు ఉన్నది తూముకు ఒక గిద్ద తక్కువ, 255. ఒకటితో మొదలుపెట్టి రెట్టింపు చేసుకుంటూ పోతే, అన్నిటి మొత్తం తర్వాతి రెట్టింపు కంటే ఒకటి తక్కువ. ఈ పాఠమంతా ఈ ఒక్క మాట మీద నడుస్తుంది, కనుక ఇక్కడ కాసేపు ఆగి 1+2+4+8 తో ఒకసారి చేసి చూసుకోండి.

చదరంగపు పలక మీద 64 గడులు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు అలా పెట్టుకుంటూ పోతే మొత్తం ఎంత? పైన చెప్పిన సూత్రం ప్రకారం 2⁶⁴ లో ఒకటి తక్కువ. అంకెలలో రాస్తే 1,84,46,74,40,73,70,95,51,615. వెయ్యి గింజలు 25 గ్రాములు తూగుతాయనుకుంటే ఇది సుమారు 46 వేల కోట్ల టన్నులు. ఇవాళ ప్రపంచమంతా ఒక ఏడాదిలో పండించే తిండిగింజలు దాదాపు మూడు వందల కోట్ల టన్నులు. నూటయాభై ఏళ్లు పండించినా ఆ పలక నిండదు.

పద్యంలోకి ఎక్కిన సంఖ్య

క్రీ.శ. 850 ప్రాంతంలో మహావీరాచార్యుడనే జైన గణితవేత్త సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమది. ఆ రాజధాని మాన్యఖేటం నేటి కర్ణాటకలోని కలబురగి జిల్లాలో, నడిగడ్డకు వాయవ్యంగా ఉంది. ఈ గ్రంథాన్ని ఎం. రంగాచార్య ఆంగ్లానువాదంతో 1912లో మద్రాసులో ప్రకటించారు. మహావీరుడు ఒకటి మొదలు మహాక్షోభం దాకా 24 స్థానాలకు పేర్లు చెప్పాడు. ఇరవై అంకెల సంఖ్య ఆయన లెక్కలో చదవడానికి వీలైనదే.

ఆ గ్రంథాన్ని తెలుగు చేసినవాడు తీరాంధ్రలోని పావులూరికి చెందిన మల్లన. ఆయన సారసంగ్రహ గణితం తెలుగులో తొలి శాస్త్రగ్రంథాలలో ఒకటి. మల్లన కాలాన్ని రాజరాజ నరేంద్రుని కాలంతో ముడిపెట్టి 11వ శతాబ్దం అంటారు. తాతకూ మనవడికీ ఒకే పేరు కావడం వల్ల గ్రంథకర్త ఎవరన్న విషయంలో పండితులు ఏకీభవించరు. మూలంలోని జైన ఉదాహరణల స్థానంలో ఆయన శైవ ఉదాహరణలు పెట్టాడు. కాబట్టి దాన్ని మక్కికి మక్కి అనువాదం అనడం సరికాదు.

చదరంగపు మొత్తాన్ని చెప్పే ఒక చంపకమాల మల్లన పేర ప్రచారంలో ఉంది. అందులో అంకెలు లేవు, వస్తువుల పేర్లున్నాయి. దీన్ని భూతసంఖ్య పద్ధతి అంటారు. చంద్రుడు ఒక్కడే కనుక 1, కన్నులు 2, అగ్నులు 3, వేదాలు 4, మన్మథుని బాణాలు 5, ఋతువులు 6, కొండలు 7, దిక్కుల ఏనుగులు 8, శరీరంలోని రంధ్రాలు 9, ఆకాశం 0. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు పోవాలి, అంటే పద్యంలో మొదట వినిపించేది సంఖ్యలోని చివరి అంకె. ఒక్కొక్క అంకెకు పర్యాయపదాలు చాలా ఉంటాయి కనుక, గణాలకు సరిపడే పదాన్ని కవి ఎంచుకుంటాడు. ఇరవై అంకెల్ని జ్ఞాపకం పెట్టుకోవడం కష్టం, చంపకమాలను జ్ఞాపకం పెట్టుకోవడం మన పెద్దలకు కష్టం కాదు.

రెట్టింపులు తెలుగు కవులకు కొత్త కావు. ఒక్కొక్క అక్షరం గురువో లఘువో కావాలి గనుక, పాదంలో అక్షరం పెరిగిన కొద్దీ సాధ్యమయ్యే వృత్తాలు రెట్టింపవుతాయి. చంపకమాలకు పాదానికి 21 అక్షరాలు. ఆ ఛందస్సులో 20,97,152 వృత్తాలు పుడతాయి, వాటిలో చంపకమాల 7,11,600వది. ఒకటి నుంచి ఇరవై ఆరు అక్షరాల దాకా అన్ని ఛందాల వృత్తాలూ కలిపితే 13,42,17,726 అని లక్షణకారులు లెక్క చెప్పారు. మన గిద్దల లెక్కే ఇది. ఇక్కడ మొదలు ఒకటి కాక రెండు కనుక, 2²⁷ లో రెండు తగ్గించాలి.

ఇంత పెద్ద రెట్టింపును చేయడానికి 64 సార్లు రెండుతో గుణించాలా? అక్కర లేదు. పింగళుడి ఛందశ్శాస్త్రం నుంచి వస్తున్న ఉపాయం ఒకటుంది, మహావీరుడు గుణశ్రేఢికి దాన్నే వాడాడు. ఘాతాంకం సరిసంఖ్య అయితే సగం చేసి వర్గం కట్టు, బేసి అయితే ఒకటి తీసి ఒకసారి గుణించు. 64ను సగం చేస్తూ పోతే 32, 16, 8, 4, 2, 1. అంటే ఆరు వర్గాలు చాలు: 2, 4, 16, 256, 65536, 4294967296, ఆ పైన మన సంఖ్య. ఈ ఆరు మెట్లను మరచిపోకండి, వీటి మీదనే తిరిగి దిగాలి.

విరగ్గొడితే ఏమి వస్తుంది

ఒకటి, తాను తప్ప వేరే భాజకం లేని సంఖ్యను ప్రధాన సంఖ్య అంటారని మీకు తెలుసు. 7 ప్రధాన సంఖ్య, 15 కాదు. ప్రతి సంఖ్యనూ ప్రధాన కారణాంకాలుగా విడగొట్టవచ్చు, ఆ విడగొట్టడం ఒకే విధంగా జరుగుతుంది. మరి చదరంగపు మొత్తం దేనితో దేనితో తయారైంది?

ఒక తూముకు 256 గిద్దలు, అంటే 16 వర్గం. అందులోంచి ఒకటి తీస్తే 255, అది 15×17. ఏ వర్గంలో నుంచి ఒకటి తీసినా ఇదే జరుగుతుంది: మూలానికి ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ, ఆ రెంటి లబ్ధం. 15 మళ్లీ 3×5. కాబట్టి తూముకు ఒక గిద్ద తక్కువ అంటే 3×5×17. అలాగే 65535 అంటే 255×257. (తూముకు ఒక గిద్ద ఎక్కువ, 257, ప్రధాన సంఖ్య. కొలిచేవాడు కొసరు వేశాక ఆ ధాన్యాన్ని సమాన వాటాలు చేయడం ఎవరి తరమూ కాదు.) ఇలా పింగళుడి ఆరు మెట్లకూ ఒక్కొక్కటి చేర్చుకుంటూ పోతే చదరంగపు మొత్తం 3×5×17×257×65537×4294967297.

ఇందులో మొదటి అయిదూ ప్రధాన సంఖ్యలే. ఆరోది? ఫ్రాన్సులో పియేర్ ద ఫెర్మా అనే న్యాయవాది 1640లో ఇలాంటి సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలే అయి ఉంటాయని ఊహించాడు. తొంభై రెండేళ్ల తర్వాత, 1732లో, లియొనార్డ్ ఆయిలర్ ఆరోదాన్ని విరగ్గొట్టాడు: 641×6700417. మీరు కూడా రెండు నిమిషాల్లో సరిచూడవచ్చు. 256 వర్గం 65536, దాన్ని 641తో భాగిస్తే శేషం 154. 154 వర్గం 23716, దాన్ని 641తో భాగిస్తే శేషం 640. అంటే 4294967296కు ఒకటి చేరిస్తే 641తో నిశ్శేషంగా పోతుంది. ఫెర్మా తనకున్న ఓపికలో పదోవంతు ఇక్కడ ఖర్చు పెట్టి ఉంటే బాగుండేది. ఇంతవరకు ఈ రకంలో 65537 తర్వాత మరో ప్రధాన సంఖ్య దొరకలేదు. తెలిసిన అయిదూ మల్లన పద్యంలోని సంఖ్యకు కారణాంకాలే.

ఇప్పుడు నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. 1990ల మొదట్లో నా సిద్ధాంతగ్రంథాన్ని టైపు చేయించినప్పుడు ఈ సంఖ్యలో '709' రావలసిన చోట '790' పడింది. దిద్దినవాణ్ణి నేనే. మూడు సార్లు చూశాను, కనపడలేదు. పైగా నేను సరిచూశానన్న ధైర్యం ఒకటి: అంకెలన్నీ కూడితే 87 వచ్చింది, మూడుతో పోయింది, సరే అనుకున్నాను. రెండంకెలు తారుమారైతే కూడిక మారదన్న ఆలోచన రాలేదు. ఒకరోజు టీ తాగుతూ గణిత విభాగంలోని మిత్రుడొకాయన ఆ కాగితం తీసుకుని పదిహేడుతో భాగహారం మొదలుపెట్టాడు. శేషం 15 వచ్చింది. "మీ మల్లన తప్పు చేశాడా, మీరా?" అన్నాడు.

పదిహేడునే ఎందుకు పట్టుకున్నాడు? ఒక అంకె తప్పు పడితే సంఖ్యలో వచ్చే తేడా, తొమ్మిదిలోపు అంకెను పది, వంద, వెయ్యి లాంటిదానితో గుణించినది. పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడాలో ఇంకొక తొమ్మిది గుణకంగా చేరుతుంది, అంతే. 17 ప్రధాన సంఖ్య. ఒక లబ్ధాన్ని అది భాగించాలంటే ఆ గుణకాలలో ఏదో ఒకదాన్ని భాగించి తీరాలి. తొమ్మిదిలోపు ఏ అంకెనూ అది భాగించదు, పదినీ భాగించదు. కాబట్టి అలాంటి తప్పు ఏది పడినా పదిహేడు పట్టిస్తుంది. మూడుకు ఆ శక్తి లేదు, అది తొమ్మిదిని భాగిస్తుంది కదా. పాత పుస్తకాల వెనుక ఉండే పది అంకెల ఐఎస్‌బీఎన్ సంఖ్యలో 11ను వాడింది కూడా ఇలాంటి కారణంతోనే.

మీరే చేసి చూడండి. 18446744073709551615ను ఎడమ నుంచి మొదలుపెట్టి 17తో భాగించండి. శేషాలు వరుసగా 1, 14, 8, 1, 0, 4, 10, 15, 4, 9, 12, 1, 2, 8, 0, 1, 16, 8, 0 రావాలి. చివరి సున్నా వచ్చిందంటే, ఇన్ని వందల ఏళ్లుగా ఎందరో లేఖకుల చేతుల మీదుగా, ఎందరి నోళ్ల మీదుగానో వచ్చిన పద్యంలో ఒక బాణం చంద్రుడిగా మారలేదని, ఒక ఆకాశం పక్క పదంతో చోటు మార్చుకోలేదని నమ్మవచ్చు. రెండు మూడు తప్పులు ఒకదాన్నొకటి కప్పుకున్నాయేమో అన్న అనుమానం ఉంటే 257తో కూడా భాగించండి. నేరుగా రెట్టింపు చేసి పోల్చుకోవచ్చు కదా అంటారేమో. చేయవచ్చు. కానీ ఆ రెట్టింపులో మీ తప్పు పడలేదని మళ్లీ ఎవరు చెప్పాలి?

అడిగిన ప్రశ్న, అడగని ప్రశ్న

సంపర్క తరగతులలో ఈ పాఠం చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి, "అయితే సార్, ప్రధాన సంఖ్యల సంగతి మల్లనకు ముందే తెలుసన్నమాట" అంటారు. ఆ అభిమానం నాకు అర్థమవుతుంది. కానీ మనం పరీక్షలో రాయవలసినది ఆధారం ఉన్న మాట. చదరంగపు పద్యం చెప్పేది మొత్తం ఎంత అన్నది. అది దేనితో దేనితో విడిపోతుంది అన్నది ఆ పద్యంలో లేదు. పద్యంలోని సంఖ్య సరైనది కావడం ఒక గొప్ప విషయం, దానికి మనం తెచ్చిపెట్టే గొప్పలు అవసరం లేదు.

కారణాంకాల మీద మనవారికి ఆసక్తి లేదనడం కూడా తప్పే. మహావీరుడే 152207ను 73తో గుణిస్తే 11111111 వస్తుందని, ఇలా కంఠహారంలా కనిపించే లబ్ధాలను ముచ్చటగా కూర్చాడు. 1356లో నారాయణ పండితుడు గణితకౌముదిలో, ఒక సంఖ్యను రెండు వర్గాల భేదంగా రాసి దాని భాజకాలను కనిపెట్టే పద్ధతి చెప్పాడు. అదే ఉపాయాన్ని ఫెర్మా దాదాపు మూడు శతాబ్దాల తర్వాత చెప్పాడు. ఇంకోవైపు, చదరంగపు మొత్తం మన ఒక్కరి సొత్తూ కాదు. క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్బెరూని అరబ్బీలో ఇదే లెక్క చేశాడు.

ఇదే రెట్టింపు మొత్తాన్ని మరో ప్రశ్నతో చూసినవాడు యూక్లిడ్, క్రీ.పూ. 300 ప్రాంతంలో. ఒకటి నుంచి రెట్టింపులు కూడుకుంటూ పొండి, మొత్తం ప్రధాన సంఖ్య అయినచోట ఆగండి, దాన్ని చివరి రెట్టింపుతో గుణించండి, పరిపూర్ణ సంఖ్య వస్తుంది అని ఆయన నిరూపించాడు. 1+2+4 అంటే 7, ప్రధాన సంఖ్య. 7×4 అంటే 28. దాని భాజకాలు 1, 2, 4, 7, 14 కూడితే మళ్లీ 28. యూక్లిడ్ ముందు చదరంగపు పలక లేదు, గడులు మాత్రం అవే.

ఆ ప్రశ్నను పలక మీద పెడదాం. ఒక్కొక్క గడి దగ్గర ఆగి అప్పటిదాకా పోసిన గింజల మొత్తం చూస్తే 1, 3, 7, 15, 31, 63, 127. ఏ గడుల దగ్గర మొత్తం ప్రధాన సంఖ్య అవుతుంది? గడి సంఖ్య విడిపోయేదైతే మొత్తమూ విడిపోతుంది. ఆరో గడి మొత్తం 63ను రెండో గడి మొత్తం 3, మూడో గడి మొత్తం 7 రెండూ భాగిస్తాయి. 64 కూడా విడిపోయేదే కనుక మల్లన సంఖ్య విడిపోక తప్పదు. కానీ గడి సంఖ్య ప్రధానమైనంత మాత్రాన మొత్తం ప్రధానం కానక్కర లేదు. పదకొండో గడి దగ్గర 2047 వస్తుంది, అది 23×89 అని 1536లో తేలింది.

మొత్తం 64 గడులలో ప్రధాన సంఖ్య వచ్చేవి తొమ్మిదే: 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61. పదిహేడు, పందొమ్మిది గడుల సంగతి ఇటలీకి చెందిన కటాల్ది 1603లో ప్రకటించాడు. ముప్పై ఒకటో గడి మొత్తం 2147483647 ప్రధాన సంఖ్య అని 1772లో ఆయిలర్ చూపాడు. అరవై ఒకటి దగ్గర కథ అడ్డం తిరిగింది. 1644లో మారిన్ మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి, 257 దాకా ఏ ఘాతాంకాలకు ప్రధాన సంఖ్య వస్తుందో ఒక జాబితా ఇచ్చాడు. ఇప్పుడు ఈ సంఖ్యలకు ఆయన పేరే ఉంది. ఆ జాబితాలో 61 లేదు, లేకపోవలసిన 67 ఉంది. పెద్దాయన చెప్పాడు కదా అని రెండు వందల ఏళ్లకు పైగా అది అలాగే సాగింది.

ఊరి పూజారి చేసిన లెక్క

ఆ తప్పును దిద్దినవాడు ఏ విశ్వవిద్యాలయపు ఆచార్యుడూ కాదు. ఇవాన్ పెర్వూషిన్ (1827–1900) రష్యాలో ఉరల్ ప్రాంతపు పల్లెల్లో చర్చి పూజారిగా బతికినవాడు. పుస్తకాలకు, పండితులకు దూరంగా ఉంటూ, చేత్తో లెక్కలు చేసి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని విజ్ఞాన అకాడమీకి ఉత్తరాలుగా పంపేవాడు. 1878లో ఫెర్మా వరుసలోని ఒక బ్రహ్మాండమైన సంఖ్యకు 167772161 కారణాంకమని కనిపెట్టాడు. ఆ బ్రహ్మాండమైనదాన్ని పూర్తిగా అంకెల్లో రాయాలంటే పాతిక లక్షలకు పైగా అంకెలు కావాలి. 1883లో చదరంగపు అరవై ఒకటో గడి మొత్తం, 23,05,84,30,09,21,36,93,951, ప్రధాన సంఖ్య అని తెలియజేశాడు. గద్వాలకో వనపర్తికో బస్సులో పోయి, ఆదివారం తరగతి విని, రాత్రి ఇంటికి చేరి ఈ పుస్తకం తెరిచే మీకు ఆయన గురించి ఇంత చెప్పడం కావాలనే చెప్పాను.

ఆ సంఖ్య ప్రధానమని ఒక్కొక్క భాజకాన్నీ ప్రయత్నించి తేల్చాలంటే దాని వర్గమూలం దాకా, అంటే దాదాపు 152 కోట్ల దాకా పోవాలి. 1876లో ఎడ్వార్డ్ ల్యూకా వేరే దారి చూపాడు, 1930లో డి. హెచ్. లేమర్ దాన్ని చక్కబెట్టాడు. నాలుగుతో మొదలుపెట్టండి. వర్గం కట్టి రెండు తీసి, పరీక్షించే సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోండి. ఇలా గడి సంఖ్యకు రెండు తక్కువ సార్లు చేశాక శేషం సున్నా అయితే అది ప్రధాన సంఖ్య, కాకపోతే కాదు. ఏడో గడి మొత్తం 127తో చేద్దాం: 4 తర్వాత 14, 67, 42, 111, 0. అయిదు మెట్లలో తేలిపోయింది. అరవై ఒకటో గడికి 59 మెట్లు. పింగళుడు వర్గం కట్టమన్నాడు, ల్యూకా కూడా వర్గమే కట్టమన్నాడు. పని తీరు మనకు పరాయిదేమీ కాదు.

ఈ సంఖ్యకున్న ఇంకో గుణం మీ ఫోన్లలో, కంప్యూటర్లలో రోజూ ఉపయోగపడుతోంది. కంప్యూటరు అంకెలను రెట్టింపుల వరుసలోనే దాచుకుంటుంది, మన గిద్ద, అరసోల, సోలల మాదిరిగా. 64 బిట్ల గడిలో పట్టే అతి పెద్ద సంఖ్య సరిగ్గా మల్లన పద్యంలోని సంఖ్యే. అరవై ఒకటో గడి ప్రధాన సంఖ్యతో భాగించి శేషం తీయడానికి అక్కడ నిజమైన భాగహారం అక్కర లేదు. 2⁶¹ను ఆ సంఖ్యతో భాగిస్తే శేషం ఒకటి కనుక, అరవై ఒకటో మెట్టు దాటి పొంగినదాన్ని తెచ్చి అడుగున కూడితే చాలు. తొమ్మిదితో శేషం కోసం మనం అంకెలు కూడుకున్నట్టే. పైథాన్ భాషలో 64 బిట్ల యంత్రాల మీద సంఖ్యలకు గుర్తులు కట్టే లెక్కలో ఈ ప్రధాన సంఖ్యనే భాజకంగా పెట్టుకున్నారు.

పలక దాటి పోయినా వరుస ఆగలేదు. 127వ గడి ఉంటే అక్కడి మొత్తం ప్రధానమని 1876లోనే ల్యూకా తేల్చాడు. 2024 అక్టోబరులో ప్రకటించిన, ఇంతవరకు తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్య కూడా ఈ రకమే: 13,62,79,841 గడుల పలక మీది మొత్తం. దాన్ని రాయాలంటే 4,10,24,320 అంకెలు కావాలి. భూతసంఖ్యలో రాయడానికి చంపకమాలలు ఎన్ని కావాలో మీరే లెక్క వేయండి, మల్లన పేరన ఉన్న పద్యం ఇరవై అంకెలకే చాలా వరకు నిండిపోయింది.

రెట్టింపులకూ ప్రధాన సంఖ్యలకూ ఉన్న బంధంలో ఇంకా తేలనిది చాలా ఉంది. ఒక ప్రధాన సంఖ్యను భాజకంగా పెట్టుకుని రెట్టింపు శేషాలు రాస్తూ పోతే ఎప్పుడో మళ్లీ ఒకటికి వస్తాం. 641 దగ్గర 64 రెట్టింపులకే వచ్చేస్తాం. కొన్ని ప్రధాన సంఖ్యల దగ్గర మాత్రం, ఉండవలసిన శేషాలన్నీ ఒక చుట్టు తిరిగాకనే ఒకటికి వస్తుంది. 5 దగ్గర చూడండి: 2, 4, 3, 1. అలాంటి ప్రధాన సంఖ్యలు అనంతంగా ఉన్నాయా? ఉన్నాయని ఎమిల్ ఆర్టిన్ ఊహించాడు, ఇవాళ్టికీ నిరూపణ లేదు. ఈ దిశలో మొదటి గట్టి అడుగు వేసిన ఇద్దరిలో ఒకరు గుంటూరులో పుట్టి కెనడాలో పెరిగిన ఎం. రామ్ మూర్తి. రాజీవ్ గుప్తాతో కలిసి 1984లో ఆయన ప్రకటించిన ఫలితాన్ని ముందుకు తీసుకుపోయి, 1986లో హీత్‌బ్రౌన్ 2, 3, 5 ఈ మూడింటిలో కనీసం ఒకదానికి అలాంటి ప్రధాన సంఖ్యలు అనంతమని చూపాడు. ఆ ఒకటి రెండేనా అన్నది మాత్రం చెప్పలేకపోయాడు.

మీరు చేయవలసిన పని: ఇరవై మూడో గడి దగ్గర మొత్తం 83,88,607. గడి సంఖ్య ప్రధానమే, మొత్తం మాత్రం కాదు. పెద్ద భాగహారం చేయకుండా దీన్ని చూపాలి. 1తో మొదలుపెట్టి రెట్టింపు చేస్తూ, 47 దాటినప్పుడల్లా 47 తీసేస్తూ పొండి: 1, 2, 4, 8, 16, 32, 17, 34, 21... ఎన్నో రెట్టింపుకు మళ్లీ 1 వచ్చిందో రాసి, దాని నుంచి 83,88,607కు ఒక కారణాంకం చెప్పండి. ఆ తర్వాత ఆ మొత్తాన్ని భూతసంఖ్యలో, ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి, మీకు నచ్చిన పదాలతో రాయండి. ఛందస్సు కుదరకపోయినా మార్కులు తగ్గించం.